కొస తెగిన పాట

బుధవారం మధ్యాహ్నం తబిత చేయాల్సిన పనులు ఇవి. మూడున్నరకి ట్రాన్స్‌మిటర్ ఆన్ చెయ్యాలి. సీడీలు మెత్తటి గుడ్డతో తుడవాలి. కాలువ నీళ్ళు ఏ రోజు వదులుతారో ఫోన్ చేసి కనుక్కుని కాగితం మీద రాసుకోవాలి. నాలుగింటికి 'బరోక్ సంగీతం' వేసి, నాలుగున్నర కొట్టేసరికి ఆ కాగితం చదివెయ్యాలి. తర్వాత, వచ్చిన ఫోన్లన్నీ రిజిస్టరులో ఎక్కించాలి.

వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. చెప్పిన పని చెప్పినట్టు చేసేది.

అది కాలేజీ వాళ్ళ చిన్న రేడియో. ఎవరో రిటైరైన లెక్చరర్ గారు మూడు వందల ఏళ్ళనాటి యూరప్ సంగీతం సీడీలు పెట్టెడు ఇచ్చిపోతే, పారెయ్యడానికి చేతులు రాక ఈ కార్యక్రమం మొదలెట్టారు.

రిజిస్టరులో రెండు గళ్ళే. బాగుంది. బాగోలేదు.

మండపేట నుంచి రైసుమిల్లు వెంకన్న, "దీనికన్నా మా మిల్లు మోత నయమండి, దానికో తాళం ఉంటది" అన్నాడు.

బాగోలేదు.

ఆత్రేయపురం పాపాయమ్మ గారు, "పూతరేకులు తీస్తా పెట్టుకున్నానమ్మా. ఒక్క రేకూ చిరగలేదు" అన్నారు.

బాగుంది.

నిడదవోలు జంక్షన్లో పనిచేసి రిటైరైన జగన్నాథరావు గారు, "బండి వస్తోంది వస్తోంది అన్నట్టే ఉంటుంది గానీ ప్లాట్‌ఫారం మీదికి రాదేంటమ్మా" అన్నారు.

తబిత కాస్త ఆలోచించి, బాగోలేదులో వేసింది.

ఇక గంగయ్య అని ఒక పెద్దాయన. ఏటిగట్టు మీద చేపలు పట్టేవాళ్ళ పేట. ప్రతి బుధవారం నాలుగూ ముప్పైమూడుకి ఆయన ఫోను.

"అమ్మాయిగారూ, ఇయ్యాల కూడా కొస కోసేశారండి."

"ఏంటి తాతగారూ కోసింది?"

"ఆఖర్న ఆర్గన్ పాట వేస్తారు చూడండి. అదింకా అవలేదు, మీరు కాలవలో నీళ్ళొదిలేశారు."

తబితకి నవ్వొచ్చింది.

"అది ఫిల్లరండి. టైము మిగిలితే నింపడానికి ప్రతివారం అదే వేస్తాం. నాలుగున్నరకి ఆపాల్సిందే."

"దానికీ ఓ కొస ఉంటది కదమ్మా."

ఫిర్యాదు ఫిర్యాదే. బాగోలేదు.

మూడు నెలలు గడిచాక, రేడియో చూసుకునే శివరామకృష్ణ గారు లెక్క అడిగారు.

"బాగుంది తొమ్మిది. బాగోలేదు పద్దెనిమిది సార్."

"ఇంకేం. వచ్చే బుధవారంతో దానికి సెలవు. ఆ టైములో సినిమా పాటలు వేద్దాం."

ఆ సంగతి తబిత నాలుగున్నరకి మైకులో చెప్పింది. మూడు నిమిషాలకి ఫోను మోగింది.

"ఆపేస్తున్నారా అమ్మా?"

"ఎక్కువమందికి నచ్చలేదండి."

అవతల కాసేపు ఊపిరి ఒక్కటే వినబడింది. ఈల వేసినట్టు, సన్నగా.

"యాభయ్యేడేళ్ళయిందమ్మా, ఆ పాట నాకు సగంలో ఆగిపోయి. ఈ వారమైనా అవుతుందేమో, ఈ వారమైనా అవుతుందేమో అని మీ రేడియో ముందు కూర్చుంటన్నాను."

"ఎక్కడ ఆగిపోయిందండి?"

"అదంతా ఎందుకులెండి. వెళ్ళేముందు ఒక్కసారి కొస దాకా వెయ్యండి. మళ్ళీ విసిగించను."

"వేస్తానండి. మాట."

ఫోను పెట్టేసి తబిత రిజిస్టరు తీసింది. ఆ పద్దెనిమిదిలో పన్నెండు ఒకే నంబరు.

పరిగెత్తుకుంటూ వెళ్ళింది.

"సార్, నేను తప్పు గడిలో వేశాను. ఆయన ఆపొద్దని ఫోన్ చేసేవారు సార్. ఆ పన్నెండూ ఇటు రావాలి."

"సినిమా పాటల పోస్టర్లు అచ్చుకి వెళ్ళిపోయాయి తబితా. మన తప్పు మనమే ఊరంతా టముకు వేసుకుందామా?"

ఆఖరి బుధవారం తబిత ఒక్క సీడీ వేసి, మిగతావి పక్కన పెట్టేసింది. నాలుగూ పదిహేనుకి ఆ ఆర్గన్ మొదట్నుంచీ పెట్టింది. అది కొండెక్కుతున్నట్టు ఎక్కి, ఎక్కడో తిరిగి, మెల్లగా దిగి ఆగింది. మూడు నెలలుగా వేస్తున్నా, దాని చివర తనూ వినడం అదే మొదలు.

నాలుగూ ముప్పైమూడు అయింది. ఫోను మోగలేదు.

ముప్పావు అయింది. తనే చేసింది.

"గంగయ్య గారున్నారాండి?"

"నేనాయన కూతుర్నండి, సత్యకుమారిని. నాన్న సోమవారం పోయారు."

తబిత రిజిస్టరు మూసేసింది.

"రేడియో అమ్మాయిగారేనా? బుధవారం నాలుగింటికి పెట్టమని మరీ చెప్పారండి. ఆయన మంచం దగ్గరే పెట్టాం. కొస దాకా వచ్చింది."

"ఆయనకి ఈ సంగీతం ఎలా తెలుసండి?"

"కుర్రతనంలో మిషను చర్చిలో పనండి. అక్కడి ఆర్గన్‌కి గోడ వెనకాల కొలిమి తిత్తుల్లాంటివి ఉండేవంట. కరెంటు లేదు. వెనక నాన్న కర్ర పట్టుకుని గాలి కొడితేనే, ముందు దొరసాని వాయిస్తే పలికేదంట. ఓ సాయంత్రం ఆవిడ ఒక్కతే కూర్చుని ఈ పాట మొదలెట్టింది. సగంలో ఒకటే మోత పట్టుకుని ఉండిపోయింది. నాన్నకి మనిషి కనబడదు కదండి. అదీ పాటేననుకున్నాడు."

"అంటే..."

"దీపాలవేళకి ఎవరో వచ్చి చూస్తే, ఆర్గన్ మెట్ల మీదకి ఒరిగిపోయి ఉందంట. ఒళ్ళు చల్లబడిపోయింది. అప్పటిదాకా నాన్న గాలి కొడుతూనే ఉన్నాడండి."

మీకెప్పుడైనా, ఏ రేడియోలోనైనా ఆర్గన్ వినబడితే, చనిపోయిన మనిషి చేతుల కింద పాట ఆగకుండా గోడ వెనక నుంచి ఊపిరి పోసిన గంగయ్య గారిని ఒక్కసారి తలుచుకోండి.