బెల్లం వరుస

"గీ పది నిమిషాలు ఇడిశిపెట్టుండ్రి మేడం. బెల్లం తినకుంటె గొంతుల నూగు పడ్తది" అంది కూలీ అనసూర్య.

నవీన వాచీ చూసుకుంది.

ఆదిలాబాద్‌లోని ఆ పత్తి జిన్నింగు మిల్లుకు ఆమె మేనేజరుగా వచ్చి నెల కాలేదు. పని పెరగకపోతే రెండో షిఫ్టు ఎత్తేస్తామన్నారు యజమానులు. ఎత్తేస్తే అందులోని ఆడకూలీలంతా ఇంటికే.

శిక్షణలో నేర్చుకున్న 'లీన్' పద్ధతి ఆమెకు గుర్తుంది. పని కాని పనిని వెతికి తీసెయ్యాలి.

మొదట కంటబడింది గుమ్మం దగ్గరి ఈ వరుసే.

ఖయ్యూం చాచా స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరి చేతిలో బెల్లం ముక్క పెడతాడు. కాంట్రాక్టరు పెట్టిన మనిషనుకుంది నవీన.

"కొంగు చెక్కుకో బిడ్డా. నువ్వు జడ ముడెయ్యి."

"పెండ్లికి పోతున్నమా చాచా, గింత ముస్తాబు?"

"పెండ్లికైతె నీ ఇష్టం. గీడ మాత్రం చెక్కాలె."

నవ్వులు. వరుస కదలదు.

నవీన వారానికి సరిపడా బెల్లం పొట్లాలు కట్టించి సోమవారమే పంచేసింది. యంత్రం బెల్టు పక్కన 'కొంగు జాగ్రత్త' అని ఎర్రక్షరాల బోర్డు పెట్టించింది.

"ఇక మీరు రానక్కర్లేదు చాచా."

"బెల్లం సంగతి సరే బిడ్డా. ఉరుకులాటల గా బోర్డు దిక్కు ఎవ్వలు సూస్తరు?"

"అలవాటవుతుందిలెండి."

ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

పది నిమిషాలు మిగిలాయి. పత్తి బేళ్లు పెరిగాయి. రెండో షిఫ్టు నిలబడింది. నవీన దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

గురువారం అనసూర్య ఆలస్యంగా ఉరికొచ్చింది. భుజాన వదులుగా కొంగు. బోర్డు పక్కనుంచే పోయింది.

అరుపు విని ఎవరో బెల్టు ఆపారు.

కొంగు చినిగింది గనుక ప్రాణం దక్కింది. కుడిచేయి దక్కలేదు.

ఆసుపత్రి వరండాలో నవీన అటూ ఇటూ తిరుగుతోంది. ఇంత జరగనిచ్చిన దేవుడు తన కొబ్బరికాయ ఎందుకు తీసుకున్నట్టు?

"ఖయ్యూం చాచాను పిలిపించు కొండల్" అంది, మిల్లు ఫిట్టరుతో. "కాంట్రాక్టరుతో నేను మాట్లాడతా. జీతం పెంచమంటా."

"జీతమెక్కడిది మేడం? ఆయన మన మిల్లు మనిషే కాదు. బెల్లం గూడ ఆయన కొన్నదే."

"మరి ఎవరాయన?"

కొండల్ అనసూర్య ఉన్న గది వైపు చూశాడు.

"పోయినేడు గదే బెల్టుల చున్నీ చిక్కి పానం ఇడిశిన లైబా ఉండె మేడం... గా పిల్ల తండ్రి."