చేతుల గొంగడి

చిన్నదొర నర్సింగరావు బాలవ్వ గుడిసె ముందు మోటారు సైకిల్ ఆపాడు. ఇంకా తెల్లవారలేదు, సిద్దిపేట చాలా దూరముంది. చలికి కొయ్యబారిన వేళ్లు బ్రేకు మీద నిలవడం లేదు.

బాలవ్వ ఉరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"చేతులకు చుట్టుకోను గొంగడి ముక్కేదన్న తే."

దొరలడిగింది వెట్టిగా ఇచ్చుకోవడమే తప్ప లేదనడం ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆమె లోపలికి పోయి వెంటనే ఒక ముక్క తెచ్చింది. రెండు చేతులకూ చుట్టుకోగానే అతనికి ప్రాణం లేచివచ్చింది.

"మంచిగ వెచ్చగున్నదే. నిప్పుల మీద కాపినవా?"

"లేదు దొరా. గిప్పటిదాంక మా బుడ్డదాని మీద ఉండె."

లోపల పసిబిడ్డ ఏడుపు మొదలైంది.

నర్సింగరావుకు తల ఎత్తబుద్ధి కాలేదు. గొంగడి విప్పి ఆమె ముందుకు చాపాడు.

"తీస్కపో. బిడ్డకు కప్పు."

బాలవ్వ తీసుకోలేదు. భయంతో రెండడుగులు వెనక్కి వేసింది.

"ఉచ్చ వాసనొస్తుందా దొరా? కోపం చెయ్యకుండ్రి. ఉతికిన చీరనే కట్టుకున్న, కొంగు చింపిస్త."

"అది కాదే" అనబోయాడు. మాట గొంతు దాటేలోపే చీర చిరిగిన చప్పుడు వినిపించింది.