మెట్ల మీద కూనిరాగం

కుట్టుమిషన్ చక్రాన్ని అరచేత్తో అదిమి ఆపేసింది అక్క.

మేడ మీద తమ్ముడి గదిలోంచి దిగివస్తున్న బక్కవాడు ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

నిన్న సాయంత్రం తమ్ముడు హార్మోనియం మీద వాయించిన వరసే అది. ఇంకా గడప దాటని పాట!

"ఏమయ్యా, ఆ పాట నీకెలా వచ్చింది?"

అతను ఉలిక్కిపడలేదు.

"అదే వచ్చిందండీ" అని నవ్వి, దగ్గుకుంటూ వీధిలోకి వెళ్లిపోయాడు.

ఆ నవ్వు చూశాక ఆమె మనసులో అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది.

అమ్మానాన్నా పోయాక, ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టి పెంచింది తమ్ముణ్ణి. సంగీత దర్శకుడు కావాలని వాడి కల. ఏళ్ల తరబడి వాడి పాట విన్న నాథుడు లేడు. అలాంటిది ఈమధ్య కాలం కలిసొచ్చి, వాడు కట్టిన ప్రతి పాటా జనం నోళ్లలో నానుతోంది. బక్కవాడి రాకపోకలు మొదలైందీ అప్పుడే.

బెల్లం ఉన్నచోటికి ఈగలు రాకుండా ఉంటాయా!

"ఎవడురా వాడు?" అన్నం పెడుతూ అడిగింది.

తమ్ముడు కంచంలోంచి తల ఎత్తలేదు. "శిష్యుడక్కా. నేర్చుకోవడానికొస్తాడు."

"నేర్చుకోవడానికా, ఎత్తుకుపోవడానికా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. చూసుకో మరి."

తమ్ముడికి పొలమారింది.

నెత్తి మీద తట్టి, నీళ్ల గ్లాసు అందించింది. 'ఒట్టి అమాయకుడు. వీణ్ణి నేనే కాపాడుకోవాలి' అనుకుంది.

మర్నాటి నుంచి కాపు కాసింది.

బక్కవాడు రాగానే మేడ మీద తలుపు గడియ పడేది. చెవి ఆనించి వింటే తమ్ముడి గొంతు, "ఇంకొక్కసారి... ఇంకొక్కసారి" అని.

ఎంత మొద్దు శిష్యుడైతే అన్నిసార్లు చెప్పించాలి!

అతను పక్కనుంచి వెళ్తే గుప్పున మందు వాసన. జేబులో సీసా. దొంగబుద్ధికి తోడు ఈ అలవాటు కూడానా!

ఒకరోజు తమ్ముడు రికార్డింగుకి వెళ్లాడు. బక్కవాడు వచ్చి, మెట్ల కమ్మీ పట్టుకుని ఆయాసపడుతూ నిలబడ్డాడు.

అక్క కత్తెర బల్ల మీద పెట్టి, మెట్లకు అడ్డంగా వచ్చింది.

"మా తమ్ముడి పాటలు ఎవరికి మోస్తున్నావు?"

"ఎవరికీ మొయ్యడం లేదక్కా."

"అక్కా గిక్కా అంటే ఊరుకోను."

"పైన కూర్చుంటానండీ, ఆయన వచ్చేదాకా. ఒక పాట సగంలో ఉంది. అదొక్కటీ అయిపోతే ఇంక రాను."

"వాడి పాట వాడు పూర్తి చేసుకుంటాడు. మధ్యలో నీ పెత్తనమేంటి?"

అతను ఏదో చెప్పబోయాడు. దగ్గు తెర అడ్డొచ్చింది.

"సరేనండీ. చేసుకోగలిగితే అంతకన్నానా" అని వెనక్కి తిరిగాడు.

'ఎంత పొగరు!' అనుకుని వీధి తలుపు ధడాలున వేసింది.

సాయంత్రం ఆ సంగతి గొప్పగా చెబితే, తమ్ముడు చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. బక్కవాడి గదికి తాళం. ఎక్కడికి వెళ్లాడో పక్కవాళ్లకూ తెలియదు.

రోజూ వెతికాడు. హార్మోనియం మూత తియ్యలేదు. రికార్డింగువాళ్లు కబురు మీద కబురు పంపినా జవాబు లేదు.

వారం తిరక్కుండా, తడిసిన బట్టలతో వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"పోయాడక్కా. ఆసుపత్రిలో. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయట. నిండా ముప్పయ్యేళ్లు లేవు."

అక్కకు ఆ వాసన, ఆ సీసా, ఆ ఆయాసం ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి.

"అయ్యో, జబ్బు మనిషా! నోరు విప్పి చెబితే కదా తెలిసేది. దొంగైనా మనిషేగా..."

"దొంగ అనకక్కా వాణ్ణి!"

తమ్ముడు ఆమె మీద అరవడం అదే మొదటిసారి. తర్వాత గొంతు దిగిపోయింది.

"ఎక్కువ కాలం ఉండనని వాడికి తెలుసు. గట్టిగా నాలుగు చరణాలు పాడే ఊపిరి లేదు. వాడెవడో ఎవరికీ తెలియదు. తన దగ్గరున్నదంతా పోయేలోగా ఎవరికైనా అప్పజెప్పాలని తిరిగి తిరిగి, మన మెట్లెక్కాడు."

"ఏముందిరా వాడి దగ్గర, నీకు అప్పజెప్పడానికి?"

తమ్ముడు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"పాటలక్కా... మా తమ్ముడు కట్టినవని నువ్వు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నావే, అవన్నీ."