సామ్యేలు ఆదరణ కూటం

కృపారాణి తలుపు తీసేసరికి వాకిట్లో పదకొండు మంది నిలబడి ఉన్నారు. ఆమె నోరు తెరిచేలోపే పాస్టరమ్మ ప్రేమమ్మ వాటేసుకుని ఏడుపందుకుంది.

"ఒక్కదానివే ఎట్ల ఓర్చుకుంటాండావమ్మా తల్లీ! మేమంతా యాడికి పోయినామనుకుంటివి?"

బదిలీ మీద కృపారాణి బద్వేలు వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆ తలుపు తట్టింది గ్యాస్ బండ తెచ్చేవాడొక్కడే. ఆదివారం ఆరాధన కాగానే "వందనాలమ్మా" అని ఎవరి దోవన వాళ్లు పోయేవాళ్లే. అట్లాంటిది ఇవ్వాళ ఒకరి చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఇంకొకరి చేతిలో అన్నం క్యారియరు, అందరి చంకల్లో పాటల పుస్తకాలు. చావింట పొయ్యి వెలగదు కదా మరి, ఎవరింటికైనా సంఘం ఇట్లాగే ఆదరణ కూటానికి కదిలొస్తుంది. అందరి వెనకాల, సమాధుల తోటలో గుంతలు తవ్వే లాజరు గడ్డపారతో సహా వచ్చాడు.

"మట్టి చేసేది ఎప్పుడమ్మా?" సంఘ పెద్ద దావీదురాజు గొంతు తగ్గించి అడిగాడు. "పెట్టెకు చెప్పాల గదా. సామ్యేలు ఎంత ఎత్తుంటాడు?"

కృపారాణి గబగబా ఫోన్ తెరిచి చూసుకుంది. మధ్యాహ్నం రెండింటికి సంఘం ప్రార్థన మనవుల గ్రూపులోకి ఆమె ఫోన్ నుంచి వెళ్లిన మాటలు ఇవీ: "సామ్యేలు పోయినాడు. ఆ పన్నెండేండ్ల ఆడబిడ్డ దిక్కులేనిదైపోయింది. నాకు అన్నం దిగడంలేదు." సామ్యేలు ఎత్తు చెప్పమంటే చెప్పగలదు, ఆరడుగుల పైనే. కానీ ఆ మనిషిని పెట్టెలో పెట్టడం దావీదురాజు వల్ల అయ్యే పని కాదు.

"పెద్దాయనా, ఆయన... మా ఇంటి మనిషి కాదు. సీరియల్లో మనిషి."

ప్రేమమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. "ఏం సీరియలు?"

"ఆఖరి కంచె. సచ్చినోళ్లు లేచి మనుషుల్ని కరుస్తాంటారే, అది. నిన్ననే కొత్త సీజన్ మొదలైంది. అది చూసేటోళ్ల గ్రూపు ఒకటి ఉండాది... దాంట్లో పెట్టబోయి..."

"సచ్చినోళ్లు లేచేది కడబూర మోగినప్పుడేనమ్మా," అంది ప్రేమమ్మ, చేతులు వెనక్కి తీసుకుంటూ.

కృపారాణి తల దించుకుంది. వచ్చే ఆదివారం నుంచి ఆ ఒక్క "వందనాలు" కూడా ఉండదు. అది తలచుకుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండు మందీ గడప దగ్గర చెప్పులు వెతుక్కోసాగారు.

"అయినా సామ్యేలు ఇంగా సావలేదు గదమ్మా," అన్నాడు లాజరు వెనక నుంచి. "కరిచింది ఎడం చేతికి. మోచేతి కాడికి నరికితే బతుకుతాడు."

"బతికేది లేదు. పోయిన సీజన్లో ఆ డాక్టరుకు నరికిరి గదా, ఏమాయ?"

ఈ మాటన్నది దావీదురాజు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన కండువా సర్దుకుని, "మనవరాలు పెడతే ఒక కంట చూసినాలే," అన్నాడు.

ఇంకేముంది, కట్ట తెగింది! తొడుక్కున్న చెప్పులు మళ్లీ విప్పారు. ఉన్న రెండు కుర్చీలూ పెద్దలకిచ్చి మిగతావాళ్లు గచ్చు మీద చతికిలబడ్డారు.

"అసలు ఆళ్లకు గుంత తవ్వేది రాదప్పా," అని లాజరు గడ్డపార గోడకానించాడు. "మూడడుగులు తవ్వి పూడిస్తే సచ్చినోడు లేవక ఏం జేస్తాడు? నా చేతి గుంతలోంచి ఒక్కడు లేస్తే అడుగు."

ప్రేమమ్మ కూతురు స్తుతి సీరియల్లోని కంచె గేటు గురించి పంచాయితీ పెట్టింది. "ఆ కావలి ఆమె గేటు తీయకపోవడమే కరెక్టు. ఒక్కడి కోసం లోపలుండే నలబై మంది సావాల్నా?"

"ఏం కరెక్టు!" కృపారాణి గొంతు పైకి లేచింది. "ఆళ్లకు మందులు తెచ్చేకి పోయినోడు. గేటవతల నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచినాడు. లోపల అందరికీ వినపడతాండాది. ఒక్కరన్నా లేచి గొళ్లెం తీసినారా? కరిచినందుకు కాదు స్తుతీ, ఆయన పోయింది దానికి!"

అంటూనే బోరుమంది. టీవీలో మనిషి కోసం ఇంత ఏడుపేమిటని ఎవరూ అడగలేదు. ప్రేమమ్మ ఫ్లాస్కు మూత తిప్పి, మొదటి గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. "నేను అట్లాంటివి సూడను, సూసేది లేదు," అని గట్టిగా చెప్పింది. ఆ తర్వాత మెల్లిగా, "ఆ బిడ్డ ఇప్పుడు ఎవరి కాడ ఉండాది?" అని అడిగింది.

పొద్దు వాలేదాకా కూర్చున్నారు. క్యారియరు విప్పి తలా ఇంత తిన్నారు. వచ్చిన పని చెయ్యకుండా పోకూడదని దావీదురాజు చిన్న ప్రార్థన చేసి, అందులో దిక్కులేని ఆ బిడ్డను కూడా జ్ఞాపకం చేసుకున్నాడు.

లేచేటప్పుడు స్తుతి కృపారాణి చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీ సీరియల్ గ్రూపులో నన్ను గూడ చేర్చు. వచ్చే శనివారం రెండోది వస్తాది."

"నన్నూ చేర్చమ్మా," అన్నాడు లాజరు.

"నా పేరు కనపడకుండా చేర్చే దోవ ఏమన్నా ఉంటే సూడు," అన్నాడు దావీదురాజు. "ఎంతమంది ఉండారు దాంట్లో?"

"శానామందే ఉండారు," అంది కృపారాణి, వీధిలోకి చూస్తూ.

అందరూ మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడి, లోపలికొచ్చి తలుపు వేసుకుని, ఫోన్ తీసి, అంతవరకూ ఎక్కడా లేని ఆ గ్రూపును అప్పుడు మొదలుపెట్టింది.