నూట ముప్పై అడుగుల లోతున

"చెయ్యి బయటికి తియ్యకు తల్లీ. వేడికే ఆ విషం విరగాలి," అన్నాడు పడవ కెప్టెన్ హ్యూబర్ట్.

రోజ్‌లిన్ పళ్ళు బిగించి వేణ్ణీళ్ళ బకెట్లో చెయ్యి అలాగే ఉంచింది. డెస్టిన్ అనే ఊరి ఒడ్డుకి ముప్పై మైళ్ళ అవతల, సముద్రంలో నూట ముప్పై అడుగుల లోతున, ఈటెకి గుచ్చిన లయన్‌ఫిష్ అనే విషపు ముళ్ళ చేప విదిలించుకుని ఆమె అరచేతిలో ముల్లు దింపింది. ఆ నొప్పితోనే ఒంటరిగా పైకొచ్చింది.

పది నిమిషాల తరవాత ఆమె మొగుడు కోర్బిన్ తేలాడు. సంచిలోంచి మోచెయ్యంత లాబ్‌స్టర్‌ని తీసి ఊపాడు.

"పెళ్ళాన్ని వదిలేసి ఎక్కడున్నావయ్యా?" అన్నాడు హ్యూబర్ట్.

"అడుగున అంతా మసక. ఒట్టు, నాకసలు కనపడనే లేదు!"

"పోనీలే," అంది రోజ్‌లిన్. నమ్మింది.

కోర్బిన్‌కి హుషారొచ్చింది. "దీన్ని పట్టడం చూసి ఉండాల్సింది కెప్టెన్! కన్నంలోంచి సగం బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే ఈవిడ చెయ్యి పట్టుకుని గిలగిల్లాడుతూ నాకేసి టార్చి తిప్పుతోంది. అటు వెళ్తే ఇది దక్కేదా?"



రోజ్‌లిన్ బకెట్ వదిలి లేచింది. పడవ అంచు మీంచి వంగి భళ్ళున కక్కుకుంది. కోర్బిన్ వీపు రాయబోయాడు.

"ముట్టుకోకు."

"అదేంటే, బతికే ఉన్నావుగా!"

ఆమె మూతి తుడుచుకుని కెప్టెన్ వైపు తిరిగింది. "ఒడ్డుకి పోనివ్వండి. మా అక్కని రమ్మనాలి. ఇతనితో ఇంటికి వెళ్ళను."

"ఇంకా రెండు ట్యాంకుల గాలుంది కదా!" అన్నాడు కోర్బిన్.

హ్యూబర్ట్ లంగరు ఎత్తాడు.