ఇరవయ్యో మనిషి

“ఇరవై మందిని చేయమంటి. పంతొమ్మిదే ఉండారు. సంతకం పెట్టను,” అంటూ ప్రొఫెసర్ వరదయ్య రికార్డును బల్ల అవతలికి తోసేశాడు.

అవతల నిలబడ్డ లోహిత దాన్ని తీసుకోలేదు. ఆమెది ఎమ్మెస్సీ సైకాలజీ ఆఖరి ఏడాది. ఐదింటిలోగా సంతకమైన రికార్డు పరీక్షల విభాగానికి చేరకపోతే, ఇంకో ఏడాది పలమనేరులో ఇంట్లో కూర్చుని పెళ్ళిసంబంధాల కబుర్లు వినాలి. గడియారంలో నాలుగుంబావు అయింది.

ఆ ప్రయోగం పుస్తకంలో చదివితే చిన్నదే. జరగనిదాన్ని జరిగిందని చెప్పి, మనిషికి అది గుర్తొస్తుందేమో చూడాలి. ‘చిన్నప్పుడు నువ్వు బ్రహ్మోత్సవాల జనంలో తప్పిపోయావు’ అనే అబద్ధంతో మొదలుపెట్టింది లోహిత. తీరా చూస్తే తిరుపతిలో చిన్నప్పుడు తప్పిపోనివాళ్ళే దొరకలేదు. అందరూ నిజంగానే తప్పిపోయినవాళ్ళు. ఒకాయనైతే మైకులో తన పేరు ఎలా పిలిచారో గొంతుతో సహా వినిపించాడు. నెలన్నర శ్రమ బూడిదపాలైంది. మళ్ళీ వేరే అబద్ధం వెతుక్కుని, కాళ్ళరిగేలా తిరిగి పంతొమ్మిది మందిని పూర్తిచేసింది.

“ఒక్క మనిషి కోసం ఇంత పట్టుదలా సార్?”

“లెక్కంటే లెక్కే.”

“పంతొమ్మిది చాలని మీరే అంటిరి కద సార్.”

వరదయ్య కళ్ళజోడు కోసం బల్లమీద తడుముతున్నవాడల్లా ఆగిపోయాడు. “నేనా? ఎప్పుడు?”

“పోయిన బేస్తవారం. క్యాంటీన్ కాడ. వాన పడతా ఉండె.”

“నేనట్లా అనను.”

“సరే సార్. మీకు గుర్తులేకుంటే నేను మాత్రం ఏం చేసేది?” లోహిత నెమ్మదిగా అని, రికార్డు వైపు చెయ్యి చాపింది.

ఆ మాట వరదయ్యకు గుచ్చుకుంది. కళ్ళజోడు, గొడుగు, స్కూటర్ తాళం ఆయన రోజుకొకటి ఎక్కడో మరిచిపోతాడు, అది డిపార్ట్‌మెంటంతా ఎరిగిన సంగతే. కానీ ముప్పై ఏళ్ళుగా జ్ఞాపకశక్తి మీద పాఠాలు చెబుతున్న మనిషిని పట్టుకుని, గుర్తులేదంటే ఎలా? వస్తువు మరిచిపోవడం వేరు, అన్నమాట మరిచిపోవడం వేరు.

అప్పుడే అటెండరు కాశింవలి టీ తెచ్చాడు.

“కాశింవలీ, పోయిన బేస్తవారం నేను క్యాంటీన్ కాడికి వచ్చినానా?”

“వచ్చినారు సార్. నేనే కదా గొడుగు పట్టింది.”

“ఈ పాప ఉన్నిందా ఆడ?”

“ఉన్నింది సార్. మీరు బజ్జీలు తింటా ఉంటిరి. ఏందో రికార్డని అడిగె. సరే లేమ్మా అంటిరి. మిగతాది నాకు తెలీదు,” అని కాశింవలి కప్పు పెట్టి గోడ పక్కన నిలబడ్డాడు.

వరదయ్య కళ్ళు మూసుకున్నాడు. ముందు గొడుగు గుర్తొచ్చింది. ఆ తర్వాత క్యాంటీన్ రేకుల మీద వాన చప్పుడు వినబడింది.

“మిరపకాయ బజ్జీలు,” అన్నాడు మెల్లగా.

“ఇంకేమన్నా గుర్తొస్తా ఉండాదా సార్?” లోహిత పెన్ను మూత తీసింది.

“క్యాంటీనోడు చట్నీ అయిపోయిందన్నాడు. కసురుకున్నా. చొక్కా మీద చినుకులు పడతా ఉంటే నువ్వు పక్కకు జరగమంటివి.” ఆయన కళ్ళు తెరిచాడు. మొహం వెలిగిపోతోంది. “అప్పుడే అన్నా! పంతొమ్మిది చాల్లేమ్మా, ఇరవయ్యోవాడొచ్చి ఏం ఊడబొడుస్తాడు, అని. అన్నానా లేదా?”

“మీ నోటి మాటే సార్.”

“సూసినావా? కొంచెం ఆలస్యం కావచ్చు గానీ, నా తలలోంచి ఒక్క మాట పోదు. ఇట్టియ్యి.”

లోహిత పేజీలు తిప్పి వేలితో చూపించింది. “ఈడొకటి సార్. ఈడొకటి. ఈ విడి కాయితం మీద కూడా.”

కళ్ళజోడు లేకపోయినా వరదయ్య సంతకం తప్పలేదు. మూడుచోట్లా గీకాడు. లోహిత వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆయనకు కడుపు నిండినట్టయింది. కాశింవలి ఖాళీ కప్పు తీసుకుని తలుపు దాటాడు.

ఐదు దాటాక కాశింవలే మళ్ళీ వచ్చాడు. ఒక చేతిలో కళ్ళజోడు, ఒక చేతిలో జిరాక్సు కాగితాలు.

“క్లాసులో మరిచిపోయినారు సార్. ఇది డిపార్ట్‌మెంటు కాపీ. లోహితమ్మ ఇచ్చిపోయింది. వరండాలో బెంచీ మీద కూర్చుని ఏందో రాసి, జిరాక్సు తీయించి, అసలుది పరీక్షల విభాగంలో ఇచ్చేసె.” చెప్పి, వరదయ్య మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

వరదయ్య కళ్ళజోడు పెట్టుకుని చివరి పట్టిక తెరిచాడు. ఇందాక ఖాళీగా ఉన్న ఇరవయ్యో గడి ఇప్పుడు ఖాళీగా లేదు.

‘పురుషుడు, 59 సంవత్సరాలు, ప్రొఫెసర్. చెప్పిన సంఘటన: క్యాంటీన్ దగ్గర అనుమతి ఇవ్వడం. ధ్రువీకరించినవారు: అటెండరు (ముందే చెప్పి ఉంచడమైనది). పాల్గొన్న వ్యక్తి సొంతంగా చేర్చిన వివరాలు: చట్నీ, చొక్కా మీద చినుకులు, ఇరవయ్యోవాడి గురించిన మాట. అంగీకారపత్రం: సంతకం చేశారు, జతపరచడమైనది. ప్రయోగం ముగిశాక నిజం తెలియజేసిన విధానం: ఈ పేజీ. ఆ గురువారం వాన: పడలేదు. పాల్గొన్నవారు మొత్తం: ఇరవై.’