వెనక సీటు సాక్ష్యం

పక్కింటి మేష్టారూ, మీ గేటు విరిగింది మా కోడలి వల్ల కాదు. హ్యాండ్ బ్రేకు వేయడం మరిచిపోయిందని మా వాడు చెప్పింది పచ్చి అబద్ధం. నేను వెనక సీట్లోనే ఉన్నాను. పిల్ల రెండు చేతులా లివరు లాగే దిగింది. అయినా ఆ ముసలి కారు నన్నెక్కించుకుని వాలులో వెనక్కి ఊరేగింది.

వెనక బ్రేకులు అరిగాయి, మార్చందే కారు తీయొద్దని మెకానిక్కు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "చక్రం కింద రాయి పెడితే చాల్లే" అన్నాడు మా వాడు. రాయి మోసేదీ కోడలే, నింద మోసేదీ కోడలేనా?

ఏరా, కలం ఆగిందేం? 'మా వాడు' అన్నచోట నీ పేరు రాయి. సంతకం కూడా పెట్టు.

నాకు చదువు రాదని ఏమార్చావేమో! అమ్మాయ్, ఇలా రా. మీ ఆయన రాసింది గట్టిగా చదువు.